ఎవరి తోటలోనూ లేని తెగులు

ఒనీటా బ్లెవిన్స్‌కి మనుషుల మీద పెద్దగా గౌరవం లేదు. పురుగుల మీద కొంచెం ఉంది. పురుగు తాను పురుగునని దాచుకోదు. తినేది తింటూ, తినడం లేదని బుకాయించదు. ఆదివారం పూట ఇస్త్రీ చొక్కా వేసుకుని చర్చికొచ్చి, మా కొమ్మ మీద మచ్చ కూడా లేదండీ అని పక్కవాడి చెయ్యి పట్టుకుని ఊపదు. బేర్‌పా వాగుకి ఇటూ అటూ కొండవాలు మీద క్రిస్మస్ చెట్లు పెంచే పెద్దమనుషులు ఇవన్నీ చేస్తారు. ఇరవయ్యారేళ్లుగా వాళ్ల తోటల్లో మోకాళ్ల మీద పాకుతోంది కాబట్టి వాళ్లని చిన్నచూపు చూసే హక్కు తనకుందని ఆమె నమ్మకం.

ఆమె పని తోటలు చూసిపెట్టడం. మెడలో తాడుకి చిన్న భూతద్దం, చంకలో తెల్ల పింగాణీ పళ్లెం, చేతిలో మూరెడు కర్ర. కొమ్మ కింద పళ్లెం పట్టి రెండు దెబ్బలు వేస్తే అందులో కాపురం ఉంటున్నవన్నీ పళ్లెంలో రాలతాయి. ఏప్రిల్‌లో పేనుబంక, జూన్‌లో ఎర్రనల్లి, చెట్లు కొట్టే ముందు పొలుసు పురుగు. వాటిని లెక్కపెట్టి, మందు కొట్టమనో అక్కర్లేదనో రైతుకి చెప్పాలి. కొట్టమంటే రైతు సంతోషిస్తాడు. అక్కర్లేదంటే మొహం మాడ్చుకుంటాడు. ఏమీ చెయ్యకు అని చెప్పించుకోవడానికా ఈవిణ్ణి పిలిపించింది అన్నట్టు చూస్తాడు.

మొగుడు కాల్విన్ పాల ట్రక్కు తోలేవాడు. ఆ కొండల్లో ఆవులు పోయి చెట్లు వచ్చినప్పుడు ట్రక్కూ పోయింది, నాలుగేళ్లు తిరక్కుండా అతనూ పోయాడు. ఆ ఏడే వ్యవసాయాఫీసు వాళ్లు పురుగుల్ని గుర్తుపట్టడం నేర్పుతామని రెండు రోజుల క్లాసు పెట్టారు. మధ్యాహ్నం భోజనం ఉచితం కాబట్టి పన్నెండు మంది ఆడవాళ్లు వెళ్లారు. రెండో రోజుకి పదకొండు మందికి కళ్లు నొప్పెట్టాయి. ఒనీటాకి మాత్రం భూతద్దంలో చూసిన ఆ కొమ్మ తెగ నచ్చేసింది. సూదిలాంటి ఒక్క ఆకు వెనక ఊరు ఊరంతా ఉంది. తినేవాళ్లు, తినబడేవాళ్లు, గుడ్లు పెట్టి పారిపోయేవాళ్లు. నిలబడి చూసే మనిషికి అందులో ఒక్కటీ కనిపించదు. ఆ రోజు నుంచి నిలబడి చూసేవాళ్లంటే ఆమెకి లోకువ.

అందరిలోకీ లోకువ ఆర్విల్ హౌక్. రెండు వందల ఎకరాల ఆసామి, రైతు సంఘానికి అధ్యక్షుడు. బళ్లో ఆమెకన్నా ఒక క్లాసు ముందు చదివాడు, ఒక క్లాసు రెండుసార్లు చదవడంతో ఆమెతో కలిశాడు. అతని తోట గేటుకి 'రాష్ట్ర చాంపియన్ చెట్టు, 1998' అని ఒక బోర్డుంటుంది. 1998 తర్వాత కూడా సంవత్సరాలు వచ్చాయన్న సంగతి ఆ బోర్డుకి గానీ ఆర్విల్‌కి గానీ ఎవరూ చెప్పలేదు. పొట్ట మీద చేతులు కట్టుకుని, టోపీ వెనక్కి నెట్టుకుని, దారిన పోయేవాడికల్లా ఆ చెట్టు ఎత్తు చెబుతాడు. చెప్పినప్పుడల్లా అది ఒక బెత్తెడు పెరుగుతుంది.

ఒక జూన్‌లో అతని తోటలోనే పళ్లెం పట్టి చూపించింది.

"చూడు ఆర్విల్. నల్లులు ఐదు, వాటిని తినేవి తొమ్మిది. అక్షింతల పురుగులు కూడా దిగాయి. నువ్వు గమ్మున కూర్చుంటే చాలు, పనంతా అవే చేసి పెడతాయి."

"గమ్మున కూర్చోడానికా రెండొందల ఎకరాలు పెట్టింది?"

"మందు కొడితే ముందు చచ్చేది నీకు పని చేసిపెట్టేవే. నల్లి మళ్లీ పుట్టుకొస్తుంది."

"జూన్ పదో తారీఖు వచ్చిందంటే మా నాన్న మందు కొట్టేవాడే ఒనీటా. నీకేం తెలుసు?"

"మీ నాన్న కొట్టింది ఆవుల మీద, ఈగలకి!"

ఆర్విల్ పదో తారీఖునే కొట్టించాడు. మూడు వారాలకి కొండ దక్షిణపు వాలంతా తుప్పు పట్టినట్టయింది. ఫోన్ చేసి, "నీ లెక్క తప్పిందే, ఇప్పుడేం చెబుతావ్?" అన్నాడు. ఆమె వెళ్లి పళ్లెం పట్టింది. పళ్లెం ఎర్రగా కదులుతోంది. నల్లిని తినేది ఒక్కటి లేదు. అప్పుడు కూడా ఆ మనిషి పళ్లెంలోకి చూడలేదు, ఆకాశం వైపు చూసి, వానలు సరిగ్గా లేవన్నాడు. ఆ వాగు పొడుగునా తప్పు ఎప్పుడూ వానదే.

పురుగుల సంగతి అలా ఉంచితే, అందరికీ గుండెల్లో గుబులు వేరుకుళ్లు. అది మట్టిలో ఉంటుంది, నీళ్లలో నడుస్తుంది, బూట్లకంటిన బురదతో ఒక తోట నుంచి ఇంకో తోటకి చుట్టపుచూపుగా వెళుతుంది. వచ్చిందంటే ఇక వెళ్లదు. పచ్చగా ఉన్న చెట్టు ముందు పాలిపోతుంది, తర్వాత ఒక కొమ్మ ఎర్రబడుతుంది, తర్వాత చెట్టు మొత్తం. చెట్టు మొదలు దగ్గర, నేలకి ఆనుకుని, బెరడు కత్తితో గీరితే లోపల తెల్లగా ఉండాల్సింది దాల్చినచెక్క రంగులో ఉంటుంది. దానికి మందు లేదు. ఇక్కడ అందరూ పెంచేది ఫ్రేజర్ జాతి క్రిస్మస్ చెట్టు, ఆ నేలలో మళ్లీ దాన్నే పెడితే మళ్లీ అదే గతి. పదకొండేళ్లు పెంచితే గానీ అమ్మకానికి రాని చెట్టు, ఏడో ఏట నిలుచున్నచోటే చచ్చిపోతుంది.

మరి బేర్‌పా వాగు పెద్దమనుషులు ఏం చేస్తారు? దాస్తారు. చచ్చిన చెట్లని తెల్లారకముందే పీకి తగలబెడతారు. పాలిపోయినవాటికి ఆకుపచ్చ రంగు కొడతారు. ఖాళీ అయిన మూలలో గుమ్మడి విత్తుతారు. ఎవరైనా అడిగితే, "మా ఆవిడకి గుమ్మడికాయలంటే ప్రాణం" అంటారు. పదేళ్ల క్రితం ఆ వాగు మీద గుమ్మడి తోటలు రెండు. ఇప్పుడు పంతొమ్మిది. అంతమంది ఆడవాళ్లకి ఒకేసారి గుమ్మడి మీద అంత ప్రేమ ఎలా పుట్టుకొచ్చిందో పైకి ఎవరూ అడగరు, ఎందుకంటే అడగాల్సినవాడి తోటలోనూ గుమ్మడి ఉంటుంది. ఒప్పుకుంటే కొనే దళారీ చెవిన పడుతుంది. వేరుకుళ్లు తోటలో చెట్టు కొంటే ఇంటి గుమ్మం దాటేలోపే ఆకు రాలుస్తుందని దళారీలు ఒక మాట పుట్టించారు. నిజమో కాదో ఎవరూ చూడలేదు. ఆ మాటకి మాత్రం దడుచుకుంటారు.

ఈ పంతొమ్మిది తోటల గుట్టూ ఒనీటాకి తెలుసు. ఒకరి తోట సంగతి ఇంకొకరి తోటలో ఎత్తకూడదన్నది ఆమె నియమం. ఇరవయ్యారేళ్లలో ఒక్కసారి తప్పలేదు. అది వాళ్ల మీద దయ కాదు. అంతమంది అబద్ధాలు ఒక్కదాని నోట్లో భద్రంగా ఉన్నాయన్న ఊహే ఆమెకి బలం. వాళ్లు ఎదురుపడి గొప్పలు పోతుంటే తల ఊపి వింటూ, లోపల తనివితీరా ఛీ కొట్టుకునేది.

ఆమెకీ నాలుగెకరాలుంది. అమ్మ క్యాబేజీ వేసిన నేల. పదకొండేళ్ల క్రితం అందులో ఫ్రేజర్ మొక్కలు నాటింది. అరవై ఒకటో ఏట మోకాళ్లు రెండూ అరిగాయి. ఈ చెట్లు చేతికొస్తే పాకడం మానేసి కుర్చీలో కూర్చుందామని అనుకుంది. రెండేళ్ల క్రితం, కింద ఊట పక్కన, ఒక చెట్టు పాలిపోయింది. ఆమె అక్కడే కూలబడి, కత్తి తీసి బెరడు గీరింది. దాల్చినచెక్క రంగు. అది ఎవరి బూట్లతో వచ్చిందో ఆమెకి తెలుసు. ప్రతి తోటలోంచి బయటికి రాగానే బూట్లు కడిగే మనిషి, ఏదో ఒక రోజు తొందరలో కడక్కుండా ఇంటికొచ్చింది. అంతే. తోటలు చూసే మనిషి తోటలోనే వేరుకుళ్లు అని తెలిస్తే రేపట్నుంచి ఆమెని ఎవడు గేటు దాటనిస్తాడు? ఆ చెట్లు పీకి, ఆ మూల క్యాబేజీ వేసింది. ఇప్పటికి తోటలో నాలుగో వంతు పోయింది. ఏడాదికి రెండు వరసల చొప్పున పైకి పాకుతోంది. పై సగంలోంచి ఆరు వందల చెట్లు ఈ ఏడు లోమాక్స్ అనే దళారీ కొంటానన్నాడు. ఆ తర్వాత ఆ నేలలో ఏం పెట్టాలో ఆమెకి తెలియదు.

అందుకే, యూనివర్సిటీ వాళ్లు వస్తామన్న ఆ ఫిబ్రవరి మీటింగు కోసం ఆమె కాచుక్కూచుంది.

ఏటా చెట్ల సీజను అయిపోయాక, ఫైరింజన్లు బయట పెట్టి, వాటి షెడ్డులో రైతులంతా కూడతారు. వదిన రీబా వంటగదిలో ఉంది. ఒనీటా అన్నగారి భార్య ఆమె, డెబ్బై ఏళ్లు, అన్న పోయాక కూడా తోట తనే చూసుకుంటోంది. ఉడికించిన బీన్సు పెద్ద గిన్నెలో తిప్పుతూ, మొక్కజొన్న రొట్టెలు కొయ్యమని ఒనీటా చేతికి కత్తి ఇచ్చింది.

"ఆ యూనివర్సిటీ అబ్బాయి గోడ నిండా కాగితాలు అంటిస్తున్నాడు చూశావా? ఏవిటే అవి?"

"తెగుళ్లు, పురుగులు, జింకలు, కలుపు, మన బాధల పేర్లు వదినా. తొమ్మిది కాగితాలు. ఒక్కొక్కరికి ఐదేసి ఎర్ర చుక్కలిస్తాడు. మనకి ఏది ఎక్కువ బాధగా ఉంటే దాని మీద అంటించాలి. చుక్కలు ఎక్కువ పడ్డవాటి మీద యూనివర్సిటీ వాళ్లు డబ్బు పెట్టి పని చేస్తారు."

"వేరుకుళ్లుకి కాగితం ఉందా?"

"ఉంది. తలుపు పక్కన."

రీబా గరిటె ఆపింది. "తలుపు పక్కనా? అందరూ చూస్తుండగా?"

"ఆ. ఉంటే అంటిస్తారు. దానికేం?"

"అంటిస్తారు, అంటిస్తారు. ఆర్విల్ ముందు నడుస్తాడు, వెనక మేమందరం నడుస్తాం." రీబా నవ్వి, గొంతు తగ్గించింది. "మరి నువ్వో? మీ అమ్మ మీద ప్రేమతో క్యాబేజీ వేశావటగా?"

"నీ గుమ్మడికాయలు నువ్వు చూసుకో వదినా" అంది ఒనీటా. రొట్టె కాస్త గట్టిగా కోసింది.

యూనివర్సిటీ మనిషి పేరు బ్రైసన్. ముప్పై నాలుగేళ్లు, పెద్ద చదువు. చదువుకున్న కొద్దీ మనుషులు చెప్పింది నమ్మే జబ్బు ముదిరినవాడు. అందరూ తిన్నాక లేచి, చేతులు తుడుచుకుని, విషయం చెప్పాడు. ఫ్రేజర్ కొమ్మని జపాను చెట్టు వేరు మీద అంటు కడితే వేరుకుళ్లు అంటడం లేదు. ఆరేళ్లుగా తమ నేలలో చూస్తున్నారు. తొమ్మిది వందల అంటు మొక్కలు తయారుగా ఉన్నాయి. ఈ కొండల రైతులు కావాలంటే ఆ పని ఇక్కడ సాగుతుంది. చుక్కలు పడకపోతే ఆ డబ్బు ఇంకో పనికి మళ్లిస్తారు, మొక్కలు ఇంకో రాష్ట్రానికి వెళ్లిపోతాయి.

"మీ బాధ మీకు తెలిసినట్టు నాకు తెలియదు. దయచేసి ఉన్నదున్నట్టు అంటించండి" అన్నాడు.

ఒనీటా కుర్చీలో ముందుకి జరిగింది. జపాను వేరు. ఆ నాలుగెకరాల్లో మళ్లీ చెట్టు నిలబడుతుంది. ఎవరో ఇద్దరు ముందు అంటిస్తే చాలు, మూడో చుక్క తను అంటిస్తుంది. ఇద్దరు. పంతొమ్మిది మందిలో ఇద్దరు మగాళ్లు ఉండరా?

ఉండరు. ఆమె ముందే తెలుసుకోవాల్సింది. ఒక్కొక్కడూ లేచి, టోపీ సర్దుకుని, గోడ దగ్గరికి వెళ్లి, పెళ్లికూతుర్ని ఎంచుకుంటున్నట్టు నింపాదిగా చూసి, జింకల కాగితం మీద అంటించి వచ్చారు. జింకలు చిగుళ్లు కొరుకుతాయి, నిజమే. జింకలు ఉంటే సిగ్గు లేదు. కలుపు ఉంటే సిగ్గు లేదు. పొలుసు పురుగు కూడా పక్కవాడి తోటలోంచి వచ్చిందని చెప్పుకోవచ్చు. వేరుకుళ్లు కాగితం దగ్గరికి రాగానే అందరి మెడలూ ఒకే వైపు తిరిగిపోతున్నాయి, అక్కడెవరో ఆడమనిషి స్నానం చేస్తున్నట్టు. మూలన కూర్చుని లోమాక్స్ యాపిల్ జామ్ రాసుకున్న రొట్టె తింటున్నాడు. ఎవరూ అతని వైపు చూడరు. అందరూ అతనికోసమే నడుస్తున్నారు.

రీబా చేతులు తుడుచుకుంటూ వంటగదిలోంచి వచ్చి, నాలుగు జింకలకి, ఒకటి కలుపుకి అంటించి వెళ్లింది. ఆర్విల్ ఐదూ జింకలకే అంటించి, "ఇంకేమున్నాయయ్యా మనకి? దేవుడి దయవల్ల నేల బంగారం" అని గట్టిగా అన్నాడు. అతని తోటలో పదమూడెకరాలు కుళ్లింది. ఒనీటా స్వయంగా గీరి చూసింది. ఆ చెట్లకి కొట్టిన ఆకుపచ్చ రంగు మరక అతని బూటు మీద ఇప్పటికీ ఉంది. ఇంత చేతకాని జాతి మీద దేవుడు ఇంత మంచి కొండలు ఎందుకు ఖర్చు పెట్టాడో ఆమెకి అర్థం కాలేదు.

"ఒనీటా గారూ, మీరే మిగిలారు" అన్నాడు బ్రైసన్.

ఆమె లేచింది. ఐదు చుక్కలూ అరచేతిలో చెమటకి అంటుకుపోయి ఉన్నాయి. నేరుగా తలుపు వైపు నడిచింది. వేరుకుళ్లు కాగితం తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది. లోమాక్స్ రొట్టె నోటి దగ్గరే పెట్టుకుని తలెత్తాడు. ఆమె ఒక చుక్క గోటితో తీసింది. ఈ గదిలో ఒక్క మనిషైనా మనిషిలా ఉండాలి అనుకుంది. ఆరు వందల చెట్లు గుర్తొచ్చాయి. రేపట్నుంచి గేట్ల దగ్గర నిలబడి, బూట్లు చూపించవే అనే మొహాలు గుర్తొచ్చాయి. ఆ కాగితం ముందు ఎంతసేపు నిలబడిందో ఆమెకి తెలియదు. ఆ తర్వాత కాళ్లు పక్కకి నడిచాయి. ఐదు చుక్కలూ ఒకదాని పక్కన ఒకటి జింకల కాగితం మీద నొక్కింది.

వెనకనుంచి ఆర్విల్ నవ్వాడు.

"జింకలా ఒనీటా? నీ తోట చుట్టూ కరెంటు కంచె ఉందిగా! ఉడత కూడా దూరదే అందులో!"

ఒక్కరిద్దరు నవ్వారు. తర్వాత అందరూ. అందులో పగ లేదు, ఎగతాళి కూడా పెద్దగా లేదు. అది చుట్టాల నవ్వు. రా, కూర్చో, నువ్వూ మాదానివే అన్నట్టు ఉంది. ఆర్విల్ తన పక్క కుర్చీ కాస్త జరిపాడు కూడా. అతనికి తెలుసు. అందరికీ తెలుసు. ఇరవయ్యారేళ్లు వాళ్ల గుట్టు తన దగ్గరుందనుకుంటే, తన గుట్టు వాళ్లందరి దగ్గరా ఉంది. ఒనీటా మొహం చెవుల దాకా మండిపోయింది. కోటు అందుకుని బయటికి నడిచింది.

ఎండ ఉంది కానీ వేడి లేదు. మంచు కరిగి షెడ్డు ముందంతా బురద. ఆమె ట్రక్కు తలుపు తీస్తుండగా బ్రైసన్ చుట్టిన కాగితాలు చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఒనీటా గారూ, ఒక్క నిమిషం. ఈ తోటలన్నీ చూసేది మీరే. నిజంగానే ఈ వాగు మీద వేరుకుళ్లు లేదా? నాకెందుకో నమ్మబుద్ధి కావట్లేదు. పేర్లు బయటికి రావు. ఒట్టు."

ఆ క్షణంలో నియమం ఏదీ గుర్తుకు రాలేదు. గుర్తున్నది ఆర్విల్ జరిపిన కుర్చీ ఒక్కటే.

"లేదా? ఆర్విల్ హౌక్ తోటలో పదమూడెకరాలు. అదిగో, ఇందాక నేల బంగారమన్నాడే, వాడే. పడమటి వాలు మొత్తం రంగు కొట్టి నిలబెట్టాడు. వెళ్లి వేలితో రుద్ది చూడు, చెయ్యి పచ్చబడుతుంది. మా రీబా వదిన తోటలో మూడు. వంతెన దగ్గర గారెట్ వాళ్లకి ఆరు. ఇంకా కావాలా? ఎక్కడ గుమ్మడి తీగ కనిపిస్తే అక్కడ ఆగి తవ్వు. ఒక్కడికీ వెన్నెముక లేదయ్యా. పురుగుకి లేదంటే అర్థముంది, వీళ్లకేమైంది?"

బ్రైసన్ ట్రక్కు బానెట్ మీద పుస్తకం పెట్టుకుని గబగబా రాసుకున్నాడు. అతని మొహం వెలిగిపోతోంది. ఆమెకీ ప్రాణం తేలికపడింది. మూటలు దించినట్టుంది. ఇదేదో ముందే చెయ్యాల్సిందనుకుంది.

"మరి మీ తోటలోనండీ?" అన్నాడు తలెత్తకుండానే.

"నా తోటలోనా?" ఒనీటా నవ్వింది. "తోటలు చూసేదాన్ని నేను. బూట్లు కడగడం వీళ్లకి నేర్పిందే నేను. నా తోటలో ఎందుకుంటుంది?"

"అవున్లెండి, నా పిచ్చి గానీ." అతను పుస్తకంలో ఆమె పేరు కొట్టేశాడు. "అయ్యో, మీది రోడ్డు పక్కనే ఉంది, లెక్కలు కూడా మీరే రాసేవారు, ఎంత బాగుండేది! కానీ ఈ మొక్కలు జబ్బున్న నేలలోనే పెట్టాలండీ. మంచి నేలలో పెడితే ఏం తెలుస్తుంది? మా నేలలో పరీక్ష అయిపోయింది. ఇప్పుడు రైతుల నేల కావాలి. చుక్కలు పడకపోయినా, జబ్బున్న తోటలు ఇవిగో అని మూడు పేర్లు చూపిస్తే చాలు, పైవాళ్లు ఒప్పుకుంటారు. తోటకి మూడు వందల మొక్కలు, ఉచితంగా. పండితే పండిందంతా రైతుదే. ఆర్విల్ గారికి మూడు వందలు, రీబా గారికి మూడు వందలు, గారెట్ వాళ్లకి మూడు వందలు. సరిపోయింది!"

ఒనీటా నోరు తెరిచింది. ఊట పక్కన, క్యాబేజీ మోళ్ల కింద, ఆమె నేల ఆ తొమ్మిది వందల మొక్కల కోసమే కుళ్లి ఉంది. ఒక్క మాట చాలు. నాదీ అనాలి. రెండక్షరాలు.

షెడ్డు తలుపు తెరుచుకుని లోమాక్స్ బయటికొచ్చాడు. టోపీ ఎత్తి, "ఒనీటా, సెప్టెంబర్లో వస్తాను. ఆరు వందలూ నాకే, ఎవరికీ మాటివ్వకు" అని కేకేసి తన కారు వైపు వెళ్లాడు. అతని వెనక ఆర్విల్, గుమ్మంలో నిలబడి పళ్లు కుట్టుకుంటున్నాడు. ఇందాక అతనిలో ఏమేమి అసహ్యించుకుందో అవన్నీ తనలోనూ ఉన్నాయని ఆమెకి ఇప్పుడు వరసగా తెలుస్తోంది. అతను కనీసం పక్కవాడి పేరు చెప్పలేదు.

"ఏదో అనబోయారు?" అన్నాడు బ్రైసన్.

"ఏం లేదు. ఆర్విల్‌కి మొక్కలు ఎప్పుడిస్తావు?"

"ఏప్రిల్లో అండీ. నాటాక నెలనెలా వెళ్లి ఒక్కొక్క మొక్కా చూసి రాయాలి. పదేళ్ల పని. ఆయన చెయ్యడు, నమ్మకమైన మనిషి కావాలి." పుస్తకం మూసి, ఆశగా చూశాడు. "మీరే చూస్తారు కదూ?"

గుమ్మంలోంచి ఆర్విల్ ఆమె వైపు చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది.

"చూస్తాను" అంది.